ఓటమి ఎరుగని జట్లు

కామారెడ్డి జిల్లాకు పడమటి అంచున, మహారాష్ట్ర సరిహద్దుకు చేరువగా డోంగ్లి అనే ఊరున్నది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోను, 2016 వరకు నిజామాబాదు జిల్లాలోను ఉండి, మద్నూరు మండలం నుండి వేరుపడి ఇటీవలనే మండల కేంద్రమైన ఊరది. తెలుగు, మరాఠీ, కన్నడం ఒకే సంతలో వినవచ్చే ప్రాంతం. అటువంటి ఊళ్ళ బడులనుండి ఏటేటా పిల్లలు ఆటల పోటీలకు బయలుదేరుతారు. మండలంలో గెలిస్తే జిల్లాకు, జిల్లాలో గెలిస్తే అంతకు పైకి అని ఆశ. కాని పోటీ నాకౌట్ పద్ధతిలో జరిగిన చోట, మొదటి ఆటలో ఓడిన జట్టుకు మధ్యాహ్నానికే తిరుగు ప్రయాణం. ఏడాదిపాటు సాయంకాలాలు చేసిన సాధన ఒక్క గంటలో ముగిసిపోతుంది. మరునాటి పత్రికలో పడేది కప్పు పట్టుకొన్న జట్టు బొమ్మ. మొదటి పూటే వెనుదిరిగిన పిల్లలు ఏమి నేర్చుకొన్నారన్న ప్రశ్న ఎవరికీ తోచదు.

ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. బడిలో ఆట ఎందుకు ఉండవలెనన్న పెద్ద ప్రశ్నకు అది తలవాకిలి.

ఒక పోటీలో రెండు జట్లు ఒక్కసారియైనా ఓడకుండ కడపటి ఆటకు చేరడం కంటె ప్రేక్షకునికి ఉత్సాహం కలిగించే సంగతి లేదు. ఇద్దరు అజేయులు ఎదురుపడినారంటే, సాయంకాలానికి వారిలో ఒకరి అజేయత్వం నేల కూలవలసిందే. జనం చూడవచ్చేది ఆ కూలడాన్నే. అందులో తప్పు లేదు. అయితే ఆ ఉత్సాహంలో మరుగున పడే విషయం ఒకటున్నది. ఎన్నడూ ఓడకపోవడం గొప్పతనం కావలెనంటే, ఓడడానికి తగిన అవకాశాలు పలుమార్లు ఎదురై ఉండవలెను. తనతో సమానులైన వారితో పదిసార్లు తలపడి నిలిచిన జట్టు అజేయం. తలపడకుండ తప్పించుకొన్న జట్టుది అజేయత్వం కాదు, అనుభవ లోపం. అదేవిధంగా ఒక్క ఆటలో ఓడి ఇంటికి పోయిన జట్టు అసమర్థమని చెప్పడానికి ఆ ఒక్క ఆట చాలదు. ఓడిన జట్టుకు మరొక ఆట ఇవ్వని పోటీ, పోటీయే గాని విద్య కాదు.

నాకౌట్ లెక్కను ఏ ఉపాధ్యాయుడైనా నల్లబల్లపై వేసి చూపవచ్చును. 16 జట్లు పోటీకి వచ్చినవనుకొంటే మొత్తం 15 ఆటలు జరుగుతవి. పట్టిక గీయనక్కరలేకుండనే తెలివైన విద్యార్థి ఈ సంఖ్యను చెప్పగలడు. ప్రతి ఆటా ఒక జట్టును బయటికి పంపుతుంది. ఒక్క జట్టు తప్ప తక్కిన 15 జట్లు బయటికి పోవలెను. కనుక ఆటలు 15. ఇంతవరకు లెక్క అందంగానే ఉన్నది. కాని ఈ 16 జట్లలో 8 జట్లు ఒకే ఒక ఆట ఆడి వెళ్ళిపోతవి. మరి నాలుగింటికి రెండేసి ఆటలు. కడవరకు ఆడే భాగ్యం రెండు జట్లదే. అంటే ఎవరికి ఆట ఇదివరకే బాగుగా వచ్చునో వారికి ఎక్కువ ఆటలు, ఎవరు నేర్చుకొనవలసి ఉన్నదో వారికి తక్కువ ఆటలు. బాగుగా చదివే పిల్లలకు నాలుగు పాఠాలు చెప్పి, వెనుకబడినవారిని మొదటి పాఠం కాగానే ఇంటికి పంపే బడి ఎక్కడనైనా ఉంటే దానిని ఎవరు మెచ్చుకొంటారు?

ఓటమి ఎరుగనితనాన్ని పూజించడం ఎంతదూరం పోగలదో తెలిసికొనవలెనంటే అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రను చూడవలెను. పేరు ఫుట్‌బాలే గాని, అది తెలుగు పిల్లలెరిగిన ఆట కాదు. రెండు కొసలు మొనతేలిన బంతిని చంకనిడుకొని పరుగెత్తుతూ, ఒకరికొకరు విసరుకొంటూ, ఎదిరివారిని త్రోసుకొంటూ నూరు గజాల మైదానంలో అవతలి కొసకు చేర్చడం దాని లక్ష్యం. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు సాగలేని జట్టు బంతిని ప్రత్యర్థులకు వదలుకొనవలెను. బంతి చివరి గీత దాటితే 6 పాయింట్లు. ఆ తరువాత కాలితో తన్ని నిలువు కొయ్యల నడుమనుండి పంపితే 1 పాయింటు, తన్నకుండ మళ్ళీ గీత దాటించగలిగితే 2 పాయింట్లు. విశ్వవిద్యాలయాల జట్లు ఆడే ఈ ఆటను చూడడానికి లక్షమంది పట్టే మైదానాలు అక్కడ ఉన్నవి.

ఆ దేశంలో పెద్ద జట్లు నూరుకు మించి ఉన్నవి. ఒక్కొక్కటి ఒక సీజనులో ఆడేది పది పన్నెండు ఆటలు. అందరూ అందరితో తలపడడం సాధ్యం కాదు. అందుచేత చాలకాలం వరకు జాతీయ విజేత ఎవరన్నది మైదానంలో కాక, పత్రికా రచయితలు, శిక్షకులు వేసే ఓట్లలో తేలుతూ వచ్చినది. ఓట్లు వేసేవారి దృష్టిలో ఒక్క ఓటమి అయినా మచ్చయే. ఈ పద్ధతి ఆటగాళ్ళకు నేర్పినదేమో 1966లో బయటపడినది.

ఆ సంవత్సరం నవంబరు 19న నోటర్‌డేమ్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల జట్లు ఎదురుపడినవి. అప్పటికి నోటర్‌డేమ్ 8 ఆటలు, మిషిగన్ స్టేట్ 9 ఆటలు ఆడి, రెండూ అన్నింటా గెలిచి ఉన్నవి. దేశమంతా ఆ ఆటకొరకు ఎదురుచూచినది. మొదట మిషిగన్ స్టేట్ 10 పాయింట్లు సంపాదించినది. నోటర్‌డేమ్ క్రమంగా అందుకొని 10–10 చేసినది. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు ఉన్నదనగా బంతి నోటర్‌డేమ్ చేతికి వచ్చినది. గెలుపుకు ప్రయత్నించడానికి అవకాశమున్నది, ప్రయత్నంలో బంతి పోగొట్టుకొని ఓడే ప్రమాదమూ ఉన్నది. జట్టు శిక్షకుడు ఆరా పార్సీఘియన్ సాహసానికి పూనుకొనక, చిన్న చిన్న పరుగులతో కాలం గడిపించి ఆటను సమంగా ముగించినాడు. ఆ జట్టు ముఖ్యులు కొందరు గాయపడి ఉన్నారన్న మాటను న్యాయంగా చెప్పుకొనవలెను. కాని ఫలితం ఏమైనది? తరువాతి వారం మరొక ఆటలో ఘనంగా గెలిచిన నోటర్‌డేమ్‌నే ఓట్లు వేసేవారు జాతీయ విజేతగా ప్రకటించినారు. రెండు జట్లూ ఆ ఏడు ఓడలేదు. ఆ ఇద్దరిలో ఎవరు మిన్నయో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఇక్కడ తప్పు ఒక్క శిక్షకునిదే అనడం తొందరపాటు. ఒక్క ఓటమితో సంవత్సరపు శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందని నియమం చెప్పుచుండగా, మనిషి గెలుపు కొరకు ఆడడు, ఓడకుండ ఉండడం కొరకు ఆడతాడు. ఈ రెండింటికీ చాల భేదమున్నది. పరీక్షలో తెలియని ప్రశ్నను తాకని విద్యార్థి, తప్పు పలుకుతానేమోనని తరగతిలో నోరు విప్పని విద్యార్థి, ఆ నిమిషంలో నోటర్‌డేమ్ చేసిన పనినే చేస్తున్నారు.

దానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ 1984 జనవరి 2న మయామీ నగరంలో కనిపించినది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఆ సీజనులో 12 ఆటలకు 12 గెలిచి వచ్చినది. ఎదుటి జట్టు మయామీ అంతకుముందు ఒక ఆట ఓడి ఉన్నది. కడపటి నిమిషంలో నెబ్రాస్కా ఆధిక్యాన్ని తగ్గించుకొంటూ 31–30 వరకు వచ్చినది. బంతిని కాలితో తన్ని 1 పాయింటు పొందితే ఆట సమం. సమమైనా అగ్రస్థానం నెబ్రాస్కాదేనని అందరి అంచనా. శిక్షకుడు టామ్ ఆస్బోర్న్ ఆ సులువైన దారి త్రొక్కలేదు. గెలుపునకే ప్రయత్నించవలెనని 2 పాయింట్లకు సాహసించినాడు. విసరిన బంతి ప్రత్యర్థి చేయి తగిలి నేలపాలైనది. నెబ్రాస్కా ఓడినది, జాతీయ విజేత పదవి మయామీకి పోయినది. ఆస్బోర్న్‌ను అవివేకి అన్నవారు లేకపోలేదు. కాని నలభై ఏళ్ళు గడచినా ఆ ఓటమిని జనం గౌరవంతోనే తలచుకొంటున్నారు. ఆ శిక్షకుని జట్లే తరువాత 1994, 1995, 1997 సంవత్సరాలలో జాతీయ విజేతలైనవి. ఒక్క ఓటమితో ఆయన విద్య తరిగిపోలేదు.

ఇద్దరు అజేయులు చివరి ఆటలో నిజంగా తలపడిన సందర్భాలూ ఉన్నవి. 2006 జనవరి 4న పాసడీనాలో, వరుసగా 34 ఆటలు గెలిచిన సదరన్ కాలిఫోర్నియా జట్టు, వరుసగా 19 గెలిచిన టెక్సాస్ జట్టును ఎదుర్కొన్నది. ఏడు నిమిషాలలోపు సమయం మిగిలి ఉండగా సదరన్ కాలిఫోర్నియా 38–26తో ముందున్నది. ఆట ముగియడానికి 19 సెకండ్లుండగా విన్స్ యంగ్ అనే టెక్సాస్ ఆటగాడు బంతితో గీత దాటి జట్టును గెలిపించినాడు. తుది లెక్క 41–38. ఆ రాత్రి ఓడిన జట్టు అంతకుముందు గెలిచిన 34 ఆటలు ఎక్కడికి పోయినవి? ఎక్కడికీ పోలేదు. 2024 జనవరి 8న, తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో నివసించే హ్యూస్టన్ నగరంలో మిషిగన్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల జట్లు 14 ఆటలకు 14 గెలిచి వచ్చి పోటీపడినవి. మిషిగన్ 34–13తో గెలిచినది. వాషింగ్టన్‌కు ఆ ఏడాది అదే మొదటి ఓటమి, అదే చివరి ఆట. తాము చేసిన తప్పులను దిద్దుకొని మరునాడు మళ్ళీ ఆడే అవకాశం ఆ పిల్లలకు లేకపోయినది. నాకౌట్ పద్ధతిలో చివరి ఓటమికి మందు లేదు. అది ఎంత పెద్ద మైదానంలో జరిగినా అంతే.

అమెరికనులు కూడ ఈ లోపాన్ని మెల్లగా గ్రహించినారు. 1996 నుండి సమంగా ముగిసిన ఆటలకు అదనపు ఆట నియమం పెట్టినారు, కాలం గడిపి తప్పించుకొనే దారి మూసినారు. 2014 సీజను నుండి నాలుగు జట్లకు, 2024 సీజను నుండి పన్నెండు జట్లకు తుది పోటీలలో చోటు కల్పించినారు. ఆ మార్పు జరిగిన మొదటి ఏడే దాని ఫలం కనబడినది. 2024 అక్టోబరులో ఒహాయో స్టేట్ జట్టు ఆరెగాన్ చేతిలో 32–31తో, ఒకే పాయింటు తేడాలో ఓడినది. తరువాత మిషిగన్ చేతిలోను ఓడినది. పాత పద్ధతిలోనైతే రెండు ఓటముల జట్టును ఎవరూ కన్నెత్తి చూచేవారు కారు. కొత్త పద్ధతిలో దానికి చోటు దొరికినది. 2025 జనవరి 1న, అంతవరకు ఓటమి ఎరుగని ఆ ఆరెగాన్‌నే అది 41–21తో ఓడించినది. జనవరి 20న తుది ఆటలో నోటర్‌డేమ్‌ను 34–23తో గెలిచి జాతీయ విజేతగా నిలిచినది. మొదటి ఆటకు, రెండవ ఆటకు నడుమ ఆ జట్టు నేర్చుకొన్నది ఎంతయో ఆ రెండు లెక్కలే చెప్పుతవి.

ఈ పాఠం కొరకు సముద్రాలు దాటవలసిన అవసరం తెలుగువారికి నిజానికి లేదు. హైదరాబాదు నగర పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం దానిని అరవై ఏండ్ల క్రిందనే నేర్పి పోయినాడు. 1909లో పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. అయినా రహీం గొప్పతనం ఆ గెలుపులలో కంటె, ఆయన ఓటములను వాడుకొన్న తీరులోనే ఎక్కువగా కనిపిస్తుంది.

1952 హెల్సింకి ఒలింపిక్ పోటీలలో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయినది. ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండ ఆడినవారే. ఇంతటి పరాభవం తరువాత పెద్దలు కొందరు తలవంచుకొని ఊరుకొనేవారు, కొందరు ఆటగాళ్ళను నిందించేవారు. రహీం ఈ రెండూ చేయక జట్టు ఆడే విధానాన్నే మార్చడానికి పూనుకొన్నాడు. నాలుగేండ్ల తరువాత 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ పోటీలలో భారతదేశం ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీఫైనలు చేరినది. అక్కడ ఎదురైనది మళ్ళీ యుగొస్లావియా. మొదటి గోలు చేసినది ఈసారి భారతదేశమే. చివరకు 4–1తో ఓడినా, 10–1 నుండి 4–1 వరకు నడచిన ఆ దూరాన్ని ఏ పతకంతోను కొలవలేము. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్ళు పలువురున్నారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టు అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అక్కడ జట్లను వర్గాలుగా విభజించి, వర్గంలోని వారందరూ ఒకరితో ఒకరు ఆడే ఏర్పాటు చేసినారు. భారతదేశం తన మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడినది. నాకౌట్ పద్ధతి అయి ఉంటే ఆ సాయంకాలమే మూటాముల్లె సర్దుకొని రావలసి వచ్చేది. కాని మరి రెండు ఆటలు మిగిలి ఉన్నవి. థాయిలాండును 4–1తోను, జపానును 2–0తోను గెలిచి, సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3–2తో దాటి తుది ఆటకు చేరినది. ఎదుట ఉన్నది అదే కొరియా, అంతవరకు అన్ని ఆటలూ గెలిచిన కొరియా. మైదానం నిండ జనం, అందులో అధికభాగం రాజకీయ కారణాలచేత భారతదేశంపై కోపంగా ఉన్న జనం. రహీం అప్పటికే కేన్సరు రోగి. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నెయిల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో నిలిపినాడు. పి. కె. బెనర్జీ ఒక గోలు, జర్నెయిల్ ఒక గోలు చేసినారు. సెప్టెంబరు 4న 2–1తో స్వర్ణపతకం భారతదేశానికి వచ్చినది. హైదరాబాదు–సికిందరాబాదుల వారైన పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. 1963 జూన్ 11న రహీం కన్నుమూసినాడు. ఆయన జీవితంపై 2024లో హిందీలో చలనచిత్రం కూడ వచ్చినది.

ఆ రోజు ఓటమి ఎరుగని జట్టు ఓడినది, ఓటమి ఎరిగిన జట్టు గెలిచినది. మొదటి ఆటలో కొరియా ఎట్లా గెలిచినదో రహీం చూచినాడు. భారతదేశం ఎట్లా మారినదో చూచే అవకాశం కొరియాకు తుది ఆటవరకు రాలేదు. 1954లో స్విట్జర్లాండులో జరిగిన ప్రపంచ కప్పు పోటీలోను ఇదే జరిగినది. నాలుగేండ్లుగా ఎవరికీ లొంగని హంగరీ, వర్గం ఆటలో 8–3తో చిత్తుచేసిన పశ్చిమ జర్మనీ చేతిలోనే తుది ఆటలో 3–2తో ఓడినది. ఓడినవానికి గెలిచినవాని గుట్టు తెలుస్తుంది. గెలిచినవానికి తన గుట్టు తనకే తెలియదు.

దీనిపై రెండు ఆక్షేపణలు వచ్చును. మొదటిది, ఇట్లా మళ్ళీ మళ్ళీ అవకాశాలిస్తే గెలుపు విలువ తగ్గిపోదా అని. తగ్గదు. పోటీకి విజేత ఉండవలసిందే. తుది ఆట ఒకటి ఉండవలసిందే. జకార్తాలోను చివరకు స్వర్ణపతకం ఒక్కరిదే. తేడా అల్లా ఆ ఒక్కరిని ఎన్నుకొనేముందు తక్కినవారికి ఎన్ని ఆటలు దొరికినవన్నదే. రెండవది, లీగు పద్ధతిలోను లోపాలున్నవని. ఉన్నవి. 1982 ప్రపంచ కప్పులో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు 1–0 లెక్క ఇద్దరికీ లాభించేదిగా ఉండడంచేత, ఆ గోలు పడిన తరువాత ఆటను ఆటగా ఆడక కాలం వెళ్ళబుచ్చి, అల్జీరియాకు అన్యాయం చేసినవి. దానికి విరుగుడుగా తరువాతి ప్రపంచ కప్పునుండి వర్గంలోని చివరి ఆటలను ఒకే సమయంలో జరిపే నియమం వచ్చినది. లోపం ఉన్నచోట దిద్దుకొనవలెను గాని, దానికి భయపడి పిల్లలను ఆటకు దూరం చేయకూడదు.

డోంగ్లి ప్రాంతపు గ్రామస్థులకు ఈ న్యాయం కొత్త కాదు. మద్నూరు, బిచ్కుంద, జుక్కల్ వైపు జాతరలలో కుస్తీ పోటీలు జరపడం పాత ఆచారం. కొబ్బరికాయ పందెంతో చిన్నవారి పట్లు మొదలై, పొద్దు వాలేవేళకు వెండి కడియం కొరకు పెద్ద మల్లులు దిగుతారు. సరిహద్దుకు అవతలనుండి మహారాష్ట్ర, కర్ణాటక మల్లులు వస్తారు. ఒక ఊరి జాతరలో వెన్ను నేలకు తగిలిన కుర్రవాడు మరొక ఊరి జాతరలో మళ్ళీ గోదాలోకి దిగుతాడు. అతనిని ఎవరూ ఆపరు. కొబ్బరికాయకు ఓడిన చేతికే కొన్నేండ్లకు కడియం ఎక్కుతుంది. గోదాలో దిగిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు మట్టి కరచినవాడేనని అక్కడి వృద్ధులకు తెలుసు. బడి పోటీలు ఈ పల్లె వివేకాన్ని ఎందుకు మరచిపోవలెను?

మరచిపోయిన ఫలితం ఆటస్థలంతో ఆగడం లేదు. ఒక్క పరీక్షలో తప్పితే బ్రతుకే తప్పినదన్న భావం విద్యార్థి హృదయాలలో నాటుకొన్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్న విషాదాన్ని ఏ ఉపాధ్యాయుడూ మరచి ఉండడు. దానికి కారణాలు అనేకం, అన్నింటినీ ఆటపై మోపడం సరికాదు. కాని పదిహేనేండ్లు వచ్చేవరకు ఒక్కసారియైనా ఓడి, నవ్వుకొని, మరునాడు మళ్ళీ ఆడిన అనుభవం లేని పిల్లవాడు, మొదటి ఓటమిని పరీక్ష ఫలితాలలోనే చూడవలసి రావడం న్యాయమేనా? సప్లిమెంటరీ పరీక్ష అనేది ఉన్నదని వానికి తెలుసు. తెలియడం వేరు, నమ్మడం వేరు. ఓడిన తరువాత మరొక ఆట ఉంటుందన్న నమ్మకాన్ని పుస్తకం ఇవ్వలేదు. దానిని మైదానమే ఇవ్వగలదు.

అందుకు కావలసినది పెద్ద ధనమేమీ కాదు. 16 జట్లను నాలుగేసి జట్ల నాలుగు వర్గాలు చేస్తే, ఒక్కొక్క వర్గంలో 6 ఆటలు, మొత్తం 24. ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు. ఆపైన రెండు సెమీఫైనళ్ళు, ఒక తుది ఆట. అంతా 27. వర్గం ఆటలను అరగంటకు కుదించి, రెండు మైదానాలలో ఒకేసారి జరిపిస్తే 24 ఆటలకు ఆరు గంటలు చాలును. ఎంత దూరపు పల్లె నుండి వచ్చిన పిల్లవాడైనా మూడుసార్లు ఆడి తిరిగిపోతాడు. ఉదయం ఓడిన జట్టు మధ్యాహ్నం గెలవవచ్చును. గెలవకపోయినా ఉదయంకంటె బాగుగా ఆడవచ్చును. ఎండవేళ చూచి రెండు రోజులకు పంచితే మరింత మంచిది. బడికి ఆటస్థలం ఉండవలెనని 2009 విద్యాహక్కు చట్టం చెప్పుతున్నది. తెలంగాణలో గ్రామాలలో క్రీడా ప్రాంగణాలు ఏర్పరచే పని 2022లో మొదలైనది. స్థలం ఉన్నచోట దానిని ఏడాదికొక పోటీకి అలంకరించి విడువక, నెలనెలా ఇరుగుపొరుగు బడుల మధ్య చిన్న పోటీలు పెట్టితే ఆ స్థలానికి సార్థకత కలుగుతుంది.

రహీం తన కాలంలో ఇటువంటి చిన్న పోటీలనే ఆసరా చేసికొన్నాడు. బంతిని కాలి దగ్గరనే ఆపుకొని తిప్పకుండ వెంటనే తోటివానికి అందించవలెనన్న నియమంతో, బలహీనమైన కాలితోనే ఆడవలెనన్న నియమంతో ఆయన కుర్రవాళ్ళకు ప్రత్యేకమైన పోటీలు నడిపినాడు. కుడికాలు వాటమున్న కుర్రవాడు ఎడమకాలితో ఆడితే తప్పటడుగులు వేయక తప్పదు. ఆ పోటీ ఉద్దేశమే అది. తప్పుచేయడానికి చోటిచ్చి, ఆ చోటులో విద్య నాటిన ఉపాధ్యాయుడాయన.

శిష్యుని చేతిలో ఓడిపోవడాన్ని గురువు కోరుకొనవలెనని పెద్దలు చెప్పినారు. ఓటమిని అవమానంగా కాక విద్యకు గురుతుగా చూచిన సంస్కృతికే అటువంటి మాట పుడుతుంది. ఆ మాటను తరగతిలో చెప్పే ఉపాధ్యాయుడు, పోటీనుండి తిరిగివచ్చే బస్సులో ఓడిన పిల్లలతో ఏమి మాట్లాడతాడో దానిని బట్టియే ఆ మాట నిలుస్తుంది, లేదా పోతుంది. ‘ఎందుకు ఓడినారు’ అని గద్దించవచ్చును. ‘వచ్చేవారం మళ్ళీ ఎవరితో ఆడదాము’ అని అడగవచ్చును. రెండవ ప్రశ్నకు జవాబు దొరికేటట్లు పోటీలను ఏర్పాటు చేయడం పెద్దల విధి. అది జరిగిననాడు ఓటమి ఎరుగని జట్టు ఏదన్న ప్రశ్న వెనుకబడి, ఓటమినుండి ఎక్కువ నేర్చిన జట్టు ఏదన్న ప్రశ్న ముందుకు వస్తుంది. బడికి తగిన ప్రశ్న అదే.